లైనక్సు కంప్యూటరునకు ఇంటి కేబుల్ ఇంటర్నెట్టు

తెనాలినుండి రేపల్లెకు పోవు రైలుమార్గమునకు సమీపమున నొక గ్రామము కలదు. కార్యాలయపు పనిమీద మేమా గ్రామమునకు వెళ్ళినప్పుడు ఒక రైతు తన ఇంటికి రమ్మని మమ్ము పిలిచెను. ఆయన కుమార్తె డిగ్రీ చదువుచున్నది. ఇంటిలో కేబుల్ ఇంటర్నెట్టు కలదు. ఆమె అన్న ఉద్యోగమునకై హైదరాబాదు పోవుచు తన ల్యాప్‌టాపును వెంట తీసికొనిపోయెను. చెల్లెలి చదువునకై ఆ రైతు తెనాలిలో నొక పాత కంప్యూటరును కొనెను. అది పాతది గావున దుకాణమువారు దానిలో లైనక్సును అమర్చి యిచ్చిరి. కంప్యూటరు చక్కగా నడచుచున్నది గాని ఇంటర్నెట్టు మాత్రము రాలేదు.

కేబుల్ మరమ్మతునకు వచ్చిన కుర్రవాడు చూచి, “మా లైను లైనక్సుకు పనిచేయదండీ, కొత్త కంప్యూటరు కొనుక్కోండి” అని చెప్పి వెళ్ళెనట. ఆ రైతు మా సలహా నడిగెను. మాకును ఆ విషయమున నాటికి తెలిసినది స్వల్పమే. “కొత్తది కొనుటయే మేలేమో” అని మేమును అంటిమి. వరికోతలు ఇంకను కాలేదు. కొత్త కంప్యూటరనగా ఆ ఇంటికి మరియొక అప్పు. ఇంటిలో ఇంటర్నెట్టు గల ఫోను ఒక్కటే. అది పగలంతయు తండ్రితోపాటు పొలములో నుండును. కంప్యూటరునకు ఇంటర్నెట్టు రానిచో ఆ బాలిక చదువు రాత్రి ఫోను చేతికి వచ్చువరకు నిలిచిపోవలసినదే.

మేము చెప్పిన సలహా తప్పని పిదప తేలినది. ఆ తప్పును దిద్దుకొనుటకే ఈ పాఠమును వ్రాయుచున్నాము. లైనక్సు కంప్యూటరును ఇంటి కేబుల్ ఇంటర్నెట్టునకు కలుపుట కష్టమైన పని కాదు. పని జరుగనప్పుడు లోపము తీగలో నున్నదా, పెట్టెలో నున్నదా, కంప్యూటరులో నున్నదా, ఆపరేటరు కార్యాలయములో నున్నదా యని వరుసగా పరీక్షించి తెలిసికొనవచ్చును. ఈ వరుస తెలిసినవారు అనవసరముగా డబ్బు పోగొట్టుకొనరు.

లైనక్సు అనగానేమి?

కంప్యూటరు యంత్రమునకును, దానితో పని చేయించుకొను మనకును నడుమ ఒక నిర్వాహకుడు వలయును. ఆ నిర్వాహక వ్యవస్థనే ఆపరేటింగ్ సిస్టమ్ అందురు. విండోసు అట్టిది, లైనక్సు అట్టిదే మరియొకటి. 1991లో ఫిన్లండు దేశమున హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ దీని మూలభాగమును వ్రాసి, ఎవరైనను వాడుకొనుటకును, దిద్దుకొనుటకును వీలుగా ప్రపంచమునకు విడిచిపెట్టెను. అంతకుముందే 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రారంభించిన గ్నూ ఉద్యమపు ఉపకరణములు దీనితో కలసినవి. అందుచేత లైనక్సు ఒక కంపెనీ సొత్తు కాదు. దానికి వెల చెల్లింపనక్కరలేదు.

డెబియన్, ఉబుంటు, లైనక్సు మింట్ మున్నగునవి లైనక్సులోని రకములు. వరివిత్తనములలో రకము లెట్లో ఇవియు నట్లే. మూల మొక్కటి, గుణములలో కొలది భేదము. మన దేశమున సి-డాక్ సంస్థ 2007లో బాస్ అను పేరుతో భారతీయ భాషల కనువైన లైనక్సును విడుదల చేసినది. తెలుగుదేశమున స్వేచ్ఛ అను సంస్థ ఇట్టి ఉచిత సాఫ్ట్‌వేరును తెలుగులో వ్యాపింపజేయుటకు కృషి చేయుచున్నది. లైనక్సులో తెలుగు అక్షరములు చదువుటకును, టైపు చేయుటకును తగిన ఏర్పాటులు కలవు.

ఈ సంగతి నేడు గ్రామములకు ముఖ్యమగుటకు కారణ మొకటి కలదు. విండోసు 10కు తయారీదారులు చేయుచుండిన సాధారణ రక్షణసహాయము 2025 అక్టోబరు 14తో ముగిసినది. పాత కంప్యూటర్లు పెక్కింటికి విండోసు 11 ఎక్కదు. యంత్రము బాగుగనే యున్నను దానిని మూలబెట్టవలసినదేనా యని పలువురు అడుగుచున్నారు. లైనక్సు మింట్ వంటి రకములకు 4 జీబీ జ్ఞాపకశక్తి గల పాత యంత్రము చాలును.

లైనక్సనగా నెవరికో దూరపువస్తువని తలపవలదు. మన జేబులలోని ఆండ్రాయిడ్ ఫోనులకు లోపలి మూలము లైనక్సే. కేబుల్ ఆపరేటరు మన గోడకు తగిలించు ఇంటర్నెట్టు పెట్టెలలో పెక్కింటి లోపల నడచునదియు లైనక్సే. ఇక ఆ లైను లైనక్సునకు పనిచేయదనుట ఎట్లు పొసగును?

తీగ ఎచ్చటినుండి వచ్చుచున్నది?

మన డెల్టావారికి కాలువల ఉపమానము సులభముగా బోధపడును. ప్రకాశం బ్యారేజీవద్ద కృష్ణానీరు పడమటి ప్రధాన కాలువలో ప్రవేశించుచున్నది. దుగ్గిరాల దాటి శాఖాకాలువలుగా చీలుచున్నది. పంటకాలువలనుండి బోదెలకు, బోదెలనుండి మళ్ళకు చేరుచున్నది. ఇంటర్నెట్టుకూడ అటులనే పెద్ద తీగలలో వచ్చి, ఆపరేటరు కార్యాలయమును చేరి, స్తంభములమీద చీలి, ఒక సన్నని తీగగా మన ఇంటిలోనికి వచ్చును. ఒక్క భేదము మాత్రము గుర్తుంచుకొనవలెను. కాలువలో నీరు ఒకేవైపు పారును. ఇచ్చట మన కోరిక ఇంటినుండి వెలుపలికి పోవలెను. దాని సమాధానము వెలుపలినుండి ఇంటికి రావలెను. ఈ రెండు ప్రయాణములును జరిగిననే ఇంటర్నెట్టు వచ్చినట్లు.

మన రాష్ట్రమున ఈ తీగ గ్రామములకు వ్యాపించుటలో ప్రభుత్వ సంస్థయైన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌కు పాత్ర కలదు. తొలిదశలో సుమారు 24,000 కిలోమీటర్ల ఫైబరు తీగను విద్యుత్ స్తంభములమీదుగానే నడపిరి. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ ఆ పథకమును జాతికి అంకితము చేసిరి. నాడు ప్రకటించిన ప్రారంభపు రుసుము నెలకు 149 రూపాయలు. వేగము 15 ఎమ్‌బీపీఎస్. ఇంటింటికి తీగ చేర్చు బాధ్యత స్థానిక కేబుల్ ఆపరేటర్లకే ఇచ్చిరి. ప్రైవేటు సంస్థల లైనులుకూడ ఇదే మార్గమున ఇండ్లకు వచ్చుచున్నవి. నేటి ధరలను మీ ఆపరేటరునే అడిగి తెలిసికొనవలెను.

ఇంటికి వచ్చు తీగ రెండు రకములు. పూర్వపు టెలివిజన్ తీగ లావుగా, నల్లగా నుండి, నడుమ లోహపు కడ్డీ కలిగియుండును. దానిద్వారా ఇంటర్నెట్టు వచ్చుచోట కేబుల్ మోడెమ్ అను పెట్టె నుంతురు. రెండవది ఫైబరు. దానిలో నున్నది వెంట్రుక వంటి గాజుపోగు. ఆ పోగులో విద్యుత్తు పారదు, వెలుతురు పారును. ఆ వెలుతురు సంకేతములను కంప్యూటరునకు తెలియు విద్యుత్సంకేతములుగా మార్చు పెట్టెను ఓఎన్‌టీ అందురు. తీగ యేదైనను, పెట్టె దాటిన పిదప కంప్యూటరునకు చేరు మార్గము ఒక్కటే. అందుచేత పెట్టెకు ఆవల నున్న సంగతులతో లైనక్సునకు ప్రమేయము లేదు.

మొదట దీపములను చూడవలెను

ఇంటర్నెట్టు రానప్పుడు కంప్యూటరు జోలికి పోకముందే పెట్టెమీది దీపములను చూడవలెను. ఫైబరు పెట్టెపై సాధారణముగా నాలుగు దీపములు ముఖ్యములు.

పవర్ దీపము వెలుగకున్నచో పెట్టెకు కరెంటు అందుటలేదు. ప్లగ్గును, అడాప్టరును చూడవలెను.

పాన్ అను దీపము నిలకడగా పచ్చగా వెలుగుచున్నచో వెలుపలి ఫైబరు లైను అందుచున్నది. అది మినుకుమినుకుమనుచున్నచో పెట్టె ఇంకను ఆపరేటరు యంత్రముతో సంబంధము కుదుర్చుకొనలేదు.

లాస్ అను దీపము మామూలుగా ఆరియుండవలెను. అది ఎఱ్ఱగా వెలిగినచో వెలుతురు రావడము లేదని అర్థము. ఫైబరు ఎచ్చటనో తెగినది, లేదా మడతపడినది. ఈ లోపము మన చేతిలోనిది కాదు. వెంటనే ఆపరేటరునకు తెలియజేయవలెను.

ల్యాన్ దీపము, మనము కంప్యూటరు తీగను పెట్టెకు తగిలించి కంప్యూటరును వెలిగించినప్పుడు వెలుగవలెను. వెలుగనిచో లోపము ఆ చిన్న తీగలోగాని, దాని రెండు కొనలలోగాని యున్నది.

ఈ దీపముల సంగతి ఇంటిలో పదేండ్ల బిడ్డకుకూడ నేర్పవచ్చును. ఆపరేటరునకు ఫోను చేసినప్పుడు “నెట్టు రావడము లేదు” అనుటకంటె “లాస్ దీపము ఎఱ్ఱగా నున్నది” అని చెప్పినచో మరమ్మతు త్వరగా జరుగును.

కలుపు విధానము

కొత్తగా ప్రారంభించువారు మొదట వైఫై కాక తీగతో కలుపుటయే మేలు. తీగలో సందేహములు తక్కువ.

దీనికి వలయునది ల్యాన్ కేబుల్. తెనాలివంటి పట్టణములలో కంప్యూటరు దుకాణములందు ఇది దొరకును. దానిలో నాలుగు జతలుగా పెనవైచిన ఎనిమిది రాగితీగ లుండును. రెండు కొనలందు పారదర్శకమైన ప్లాస్టిక్ ప్లగ్గు లుండును. ఒక కొనను పెట్టెలో ల్యాన్ అని వ్రాసియున్న రంధ్రములోను, రెండవ కొనను కంప్యూటరు వెనుక అదే ఆకారము గల రంధ్రములోను ఉంచి, టిక్కుమను చప్పుడు వచ్చువరకు నొక్కవలెను. ఈ తీగ నిడివి 100 మీటర్లు మించరాదు.

పిమ్మట పెట్టెను, కంప్యూటరును వెలిగించవలెను. నేటి లైనక్సు రకములలో చాలవరకు మనము ఇంకేమియు చేయనక్కరలేదు. కంప్యూటరు, “నాకొక చిరునామా ఈయుడు” అని పెట్టెను తనంతట తానే అడుగును. పెట్టె ఒక సంఖ్యను ఇచ్చును. ఆ సంఖ్యయే ఐపీ చిరునామా. అది 192.168.1.5 వంటి రూపములో నుండును. ఊరిలో ఉత్తరము చేరుటకు ఇంటి నంబరు ఎట్లో, సమాచారము మన కంప్యూటరును చేరుటకు ఈ చిరునామా అట్లు. ఇట్లు చిరునామా నడిగి పుచ్చుకొను పద్ధతిని డీహెచ్‌సీపీ అందురు.

చిరునామా వచ్చినదో లేదో తెలిసికొనుటకు తెరమీద కుడివైపున, పైమూలగాని క్రిందిమూలగాని నెట్‌వర్క్ గుర్తు నుండును. దానిపై నొక్కి సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అను భాగమును తెరువవలెను. అచ్చట వైర్డ్ అను వరుసలో మీట ఆన్‌లో నుండవలెను. దాని ప్రక్కన చక్రము గుర్తు నొక్కినచో వివరములు కనబడును. ఐపీవీ4 అను పుటలో ఆటోమేటిక్ అని యుండవలెను. ఎవరైనను పూర్వము మాన్యువల్ అని మార్చి సంఖ్యలు వ్రాసియుంచినచో, ఆపరేటరు ప్రత్యేకముగా చెప్పిననే తప్ప, తిరిగి ఆటోమేటిక్ చేయవలెను.

మూడు పరీక్షలు

తీగ తగిలించినను పుటలు తెరచుకొననిచో, చివరి భూమికి నీరందని రైతు చేయుపనియే మనమును చేయవలెను. అతడు మొదట తన బోదెను చూచును. తరువాత తూమును చూచును. ఆపైన కాలువను చూచును. అట్లే దగ్గరనుండి దూరమునకు పోవుచు మూడు పరీక్షలు చేయవలెను. దీనికై టెర్మినల్ అను నల్లని కిటికీని తెరువవలెను. దానిని చూచి భయపడనక్కరలేదు. మనము క్రింద చెప్పు ఆజ్ఞలు ప్రశ్నలడుగునవే గాని కంప్యూటరులో దేనిని మార్చునవి కావు.

ఆజ్ఞ పేరు పింగ్. పీ, ఐ, ఎన్, జీ అను నాలుగు చిన్న ఆంగ్లాక్షరములను టైపు చేసి, ఒక ఖాళీ విడిచి, ఎవరిని పిలువదలచితిమో వారి సంఖ్యను వ్రాసి ఎంటర్ నొక్కవలెను. సమాధానము వచ్చుచున్నచో పంక్తి తరువాత పంక్తి కనబడుచుండును. ప్రతి పంక్తి చివర ఎన్ని మిల్లీసెకనులు పట్టినదో తెలియును. లైనక్సులో ఈ పిలుపు మనము ఆపువరకు సాగుచునేయుండును. కంట్రోల్ మీటను పట్టుకొని సీ అక్షరమును నొక్కిన ఆగును.

మొదటి పరీక్ష: మన పెట్టెను పిలుచుట. దాని సంఖ్య చాల ఇండ్లలో 192.168.1.1 గాని 192.168.0.1 గాని యుండును. సెట్టింగ్స్‌లోని వైర్డ్ వివరములలో డీఫాల్ట్ రూట్ అను పంక్తిలో అసలు సంఖ్య కనబడును. పెట్టె పలుకనిచో లోపము మన ఇంటిలోనే కలదు.

రెండవ పరీక్ష: వెలుపలి యంత్రమును సంఖ్యతో పిలుచుట. గూగుల్ వారి సర్వరు సంఖ్య 8.8.8.8. మన పెట్టె పలికి ఇది పలుకనిచో, లోపము ఆపరేటరు వైపున నుండవచ్చును. లేదా నెల రుసుము గడువు దాటియుండవచ్చును.

మూడవ పరీక్ష: వెలుపలి యంత్రమును పేరుతో పిలుచుట. మనకు తెలిసిన ఏదైన వెబ్‌సైటు పేరు వ్రాసిన చాలును. సంఖ్యకు పలికి పేరునకు పలుకనిచో లైను బాగుగనే యున్నది. పేరును సంఖ్యగా మార్చు పట్టిక మాత్రము అందుటలేదు. ఆ పట్టికను డీఎన్‌ఎస్ అందురు. ఐపీవీ4 పుటలో డీఎన్‌ఎస్ అనుచోట ఆటోమేటిక్‌ను తీసివేసి 8.8.8.8 అని వ్రాసి, కనెక్షనును ఒకసారి ఆపి తిరిగి వెలిగించినచో చాలవరకు ఈ లోపము తీరును.

ఆపరేటరు పరిచయము

ఇంతవరకు చెప్పినది పెట్టెయే అన్ని పనులు చేయు ఇండ్లకు సరిపోవును. నేడు పెక్కు ఇండ్లలో నున్నది ఈ పద్ధతియే. కాని కొన్నిచోట్ల పెట్టె కేవలము తలుపువంటిది. లోపలికి వచ్చువానిని ఆపరేటరు కార్యాలయములోని యంత్రమే గుర్తించును. గుర్తించు విధములు మూడు.

ఒకటి, యూజరు పేరు, పాస్‌వర్డు అడుగుట. దీనిని పీపీపీఓఈ అందురు. ఈ సౌకర్యము లైనక్సులో చిరకాలమునుండి కలదు. అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్ అను కిటికీలో కూడిక గుర్తు నొక్కి, డీఎస్ఎల్ లేక పీపీపీఓఈ అను రకము నెన్నుకొని, ఆపరేటరు ఇచ్చిన పేరును, పాస్‌వర్డును వ్రాసి భద్రపరచవలెను. ఈ రెండింటిని ఒక చీటిమీద వ్రాయించుకొని దాచుకొనుట మేలు.

రెండవది, బ్రౌజరును తెరచినంతనే లాగిన్ పుట వచ్చుట. ఇది ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌లోనైనను ఒకేరీతిగా నుండును.

మూడవది, కంప్యూటరు యొక్క మ్యాక్ నంబరును గుర్తుంచుకొనుట. ప్రతి కంప్యూటరులోని నెట్‌వర్క్ భాగమునకును తయారైనప్పుడే పండ్రెండు అంకెలు, అక్షరములు గల సంఖ్య యొకటి ఇత్తురు. కొందరు ఆపరేటర్లు మొదట తగిలించిన యంత్రపు మ్యాక్ నంబరును తమ పట్టికలో వ్రాసికొని, ఆ యంత్రమునకు మాత్రమే దారి విడుతురు. యంత్రము మారినచో తీగ మంచిదైనను, కంప్యూటరు మంచిదైనను చిరునామా రాదు. తలుపు కడ నున్నవానికి కొత్త మనిషి పరిచయము లేకపోవుటయే దీనికి కారణము.

రేపల్లె సమీపమున ఆ ఇంటిలో జరిగినది

ఈ విషయములు తెలిసినవారిని బాపట్లలో నడిగి తెలిసికొని, మేము మరల ఆ రైతు ఇంటికి వెళ్ళి, దీపముల సంగతియు పరీక్షల సంగతియు ఆ బాలికకు చెప్పితిమి. ఆమె ఒక కాగితముపై వరుసగా వ్రాసికొనెను.

పాన్ దీపము పచ్చగా నిలకడగా నున్నది. లాస్ దీపము ఆరియున్నది. ల్యాన్ దీపము వెలుగుచున్నది. అనగా తీగలు రెండును బాగున్నవి. కంప్యూటరునకు చిరునామా మాత్రము లేదు. అప్పుడామె తండ్రి ఫోనును యూఎస్‌బీ తీగతో కంప్యూటరునకు తగిలించి, ఫోనులో యూఎస్‌బీ టెథరింగ్ అను మీటను వెలిగించెను. వెంటనే లైనక్సు దానిని తీగ కనెక్షనుగా గుర్తించెను, పుటలు తెరచుకొనెను. అనగా కంప్యూటరునందు లోపము లేదు.

ఆమె కాగితముపై చూచి, “లైను బాగుంది, కంప్యూటరూ బాగుంది. అన్నయ్య ల్యాప్‌టాపు ఉన్నన్నాళ్ళూ వచ్చింది. అయితే మారింది యంత్రమొక్కటేనండీ” అనెను. సెట్టింగ్స్‌లోని వైర్డ్ వివరములలో హార్డ్‌వేర్ అడ్రస్ అను పంక్తిని చూచి మ్యాక్ నంబరును వ్రాసి, ఆపరేటరు కార్యాలయమునకు ఫోను చేసి చదివి వినిపించెను. వారు పాత సంఖ్యను కొట్టివేసి కొత్తది వ్రాసికొనిరి. పెట్టెను ఒకసారి ఆర్పి వెలిగించిన కొలది నిమిషములకు ఇంటర్నెట్టు వచ్చెను. దీనికైన వ్యయము ఒక ఫోను పిలుపు. వేలకొలది రూపాయల అప్పు తప్పెను. మేము మా పూర్వపు సలహాను ఆ తండ్రి యెదుటనే ఉపసంహరించుకొంటిమి.

వైఫై విషయము

తీగతో పని జరిగిన పిదప వైఫైని చూచుకొనవచ్చును. పెట్టెలో వైఫై ఉన్నచో నెట్‌వర్క్ గుర్తుపై నొక్కి, మన పెట్టె పేరు నెన్నుకొని, పాస్‌వర్డు వ్రాసిన చాలును. కొన్ని పాత ల్యాప్‌టాపులలోని వైఫై భాగములకు ఫర్మ్‌వేర్ అను చిన్న సాఫ్ట్‌వేరు విడిగా కావలెను. అట్టిచోట మొదట తీగతోగాని, పైన చెప్పినట్లు ఫోనుతోగాని కలిపి, డ్రైవర్స్ అను భాగమునుండి దానిని దించుకొనవలెను. 2023లో విడుదలయిన డెబియన్ 12నుండి ఇట్టి ఫర్మ్‌వేర్ దాని ఇన్‌స్టాలరులోనే చేర్చబడినది.

ఇంకను లైనక్సు అమర్చనివారు దానిని ముందుగా పరీక్షించుటకు ఒక మంచి ఉపాయము కలదు. 8 జీబీ పెన్‌డ్రైవులో లైనక్సును ఎక్కించి, కంప్యూటరును దానితోనే వెలిగింపవచ్చును. హార్డ్‌డిస్కులోని దేనిని ముట్టకయే లైనక్సు తెర వచ్చును. ఆ స్థితిలో ఇంటర్నెట్టు, వైఫై, ముద్రణయంత్రము పనిచేయుచున్నవో లేదో చూచుకొని, నచ్చిన పిదప అమర్చుకొనవచ్చును. అమర్చునప్పుడు పాత ఫైలులు చెరిగిపోవచ్చును గావున ఫోటోలను, పత్రములను ముందే వేరొకచోట దాచుకొనవలెను. లైనక్సు ఫైలు సుమారు 6 జీబీ యుండవచ్చును. 15 ఎమ్‌బీపీఎస్ లైనుమీద దానిని దించుకొనుటకు ఇంచుమించు ఒక గంట పట్టును.

జాగ్రత్తలు

మనది సముద్రతీర ప్రాంతము. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపముననే తీరము దాటినది. గాలివానలు, పిడుగులు వచ్చునప్పుడు పెట్టె అడాప్టరును, కంప్యూటరు ప్లగ్గును గోడనుండి తీసివేయవలెను. ల్యాన్ కేబులునుకూడ ఊడదీయుట మేలు. తుపాను వెలిసిన పిదప తీగ తెగి వ్రేలాడుచున్నచో దానిని ముట్టరాదు. ఇంటర్నెట్టు తీగలు విద్యుత్ స్తంభములమీదనే వచ్చుచున్నవి గావున ఏ తీగ ఏ తీగపై పడియున్నదో మనకు తెలియదు. తీగ సవరించుటకు స్తంభ మెక్కుట ప్రాణాపాయము. ఆ పని శిక్షణ పొందినవారిదే.

ఫైబరు తీగను గట్టిగా మడవరాదు, మేకు కొట్టరాదు. తెగిన కొనను కంటికి ఎదురుగా పెట్టి చూడరాదు. దానిలోని వెలుతురు కంటికి కనబడకున్నను హాని చేయవచ్చును.

పెట్టెతోపాటు వచ్చిన వైఫై పాస్‌వర్డును మార్చుకొనవలెను. లైనక్సులో మార్పు చేయు పనులకు సుడో అను మాటతో ఆరంభమగు ఆజ్ఞ లుండును. వాని అర్థము తెలియక, ఎవరో పంపినదని టెర్మినల్‌లో అతికింపరాదు. ఇంటర్నెట్టు బాగుచేతుమని ఫోను చేసి ఓటీపీ అడుగువారిని నమ్మరాదు. డబ్బు మోసము జరిగినచో ఆలస్యము చేయక 1930 నంబరునకు ఫోను చేయవలెను. రుసుము చెల్లించియు సేవ అందనిచో మొదట ఆపరేటరువద్ద ఫిర్యాదు నమోదు చేసి దాని సంఖ్యను వ్రాసికొనవలెను. అప్పటికిని పరిష్కారము కానిచో జాతీయ వినియోగదారుల సహాయకేంద్రపు 1915 నంబరు కలదు.

ఆపరేటరును అడుగవలసిన ప్రశ్నలు

కొత్తగా లైను తీసికొనువారు ఈ నాలుగు ప్రశ్నలను ముందే అడిగి సమాధానములను వ్రాసికొనవలెను. పెట్టె తనంతట తానే చిరునామా ఇచ్చునా, లేక పేరు, పాస్‌వర్డు కావలెనా? కంప్యూటరు మార్చినచో మ్యాక్ నంబరును తెలుపవలెనా? పెట్టెలో వైఫై కలదా? లైను చెడినచో ఏ నంబరునకు, ఏ వేళలందు ఫోను చేయవలెను? “మీది విండోసా, లైనక్సా” అని వారడిగినను సంకోచింప నక్కరలేదు. ఈ నాలుగు సమాధానములు చేతిలో నున్నచో ఏదైనను ఒక్కటే.

కూతురు చదువుకొనుటయే గాక, ఇప్పుడా ఇంటివారు వాతావరణశాఖ తుపాను సూచనలను, మీ భూమి వెబ్‌సైటులో తమ భూమి వివరములను ఆ పాత కంప్యూటరులోనే చూచుకొనుచున్నారు. ఆ బాలిక తన కాగితమును పెట్టె ప్రక్కన గోడకు అతికించినది. ప్రక్కయింటివారు తమ లైను ఆగినప్పుడు మొదట వచ్చి చూచునది ఆ కాగితమునేనట. పాఠకులుకూడ ఈ పుటను కత్తిరించి తమ పెట్టె ప్రక్కన ఉంచుకొందురుగాక.